లోగోస్‌లో లేఅవుట్లు: తెర మీద ఏది ఎక్కడ ఉండాలి

లోగోస్ బైబిల్ సాఫ్ట్‌వేర్ కొత్తగా పెట్టుకున్నవాళ్లలో చాలామంది మొదట ఒకే పని చేస్తారు. ఉన్న బైబిళ్లు, వ్యాఖ్యానాలు, నిఘంటువులు అన్నీ ఒకే తెర మీద తెరిచేస్తారు. పది పదిహేను ట్యాబ్‌లు వరుసకట్టి నిలబడతాయి. అసలు చదవాల్సిన వాక్యభాగానికి తెరలో నాలుగో వంతు కూడా మిగలదు. పుస్తకాలు ఎన్ని తెరిచామన్నది ముఖ్యం కాదు, వాక్యం కళ్లెదుట నిలకడగా ఉందా లేదా అన్నదే ముఖ్యం. అందుకు రెండు సూత్రాలు పెట్టుకుంటే చాలు. ఒక పనికి ఒక లేఅవుట్. ఒక లేఅవుట్‌లో ఒకే ఒక్క ప్రధాన బైబిల్, మిగతావన్నీ దాని వెనకే నడవాలి.

ఇక్కడ చెప్పేదంతా కంప్యూటర్‌లో వాడే లోగోస్ గురించి. వెర్షన్ మారినప్పుడు మెనూల పేర్లు, గుర్తులు కాస్త అటూ ఇటూ అవుతాయి గాని పద్ధతి మారదు. ఫోన్‌లో చదివేవాళ్ల కోసం చివర్లో యాండ్‌బైబిల్ అనే యాప్ గురించి విడిగా ఉంది.

ట్యాబ్ లాగడం

లోగోస్‌లో తెరిచే ప్రతి పుస్తకం, ప్రతి పరికరం ఒక ప్యానెల్. దాని పైన ట్యాబ్ ఉంటుంది. ఆ ట్యాబ్‌ను మౌస్‌తో పట్టుకుని లాగుతుంటే, వదిలితే ఎక్కడ పడుతుందో ఆ చోటు రంగు మారి కనిపిస్తుంది. ఆ రంగు చూడకుండా వదిలేయడం వల్లే అమరిక చెదిరిపోతుంది. వదలగలిగే చోట్లు మూడు రకాలు.

ఇంకో ప్యానెల్ మధ్యలో వదిలితే రెండూ ఒకే చోట ట్యాబ్‌లుగా చేరతాయి. ఒకటి కనిపిస్తున్నప్పుడు రెండోది దాని వెనక ఉంటుంది. ప్యానెల్ అంచు మీద, అంటే ఎడమ, కుడి, పైన, కింద ఏదో ఒక వైపు వదిలితే ఆ ప్యానెల్ రెండుగా చీలి, కొత్తది ఆ సగంలో కూర్చుంటుంది. మొత్తం కిటికీ చివరి అంచు దాకా తీసుకెళ్లి వదిలితే పై నుంచి కింది దాకా నిండు ఎత్తులో కొత్త నిలువు భాగం ఏర్పడుతుంది. ఈ మూడోది చాలామందికి తెలియదు. వ్యాఖ్యానాన్ని కుడివైపు నిండుగా పెట్టాలనుకుని పక్క ప్యానెల్ అంచు మీద వదిలి, సగం ఎత్తే వచ్చిందని విసుక్కుంటారు. ఇంకొంచెం కుడికి, కిటికీ అంచుకు ఆనేదాకా లాగితే సరిపోతుంది.

రెండు ప్యానెళ్ల మధ్య గీతను పట్టుకుని జరిపితే వెడల్పు మారుతుంది. ట్యాబ్ మీద కుడి క్లిక్ చేస్తే దాన్ని విడి కిటికీగా బయటికి తీసే అవకాశం వస్తుంది. రెండో మానిటర్ ఉన్నవాళ్లకు ఇది బాగా పనికొస్తుంది. ఆ విడి కిటికీలోకి కూడా మళ్లీ ట్యాబ్‌లు లాగి, చీల్చి, అమర్చుకోవచ్చు.

15.6 అంగుళాల ల్యాప్‌టాప్ మీద ఒకేసారి కంటికి కనిపించే ప్యానెళ్లు మూడు, మహా అయితే నాలుగు. అంతకు మించితే ఏదీ హాయిగా చదవలేం. మిగిలినవి వాటి వెనక ట్యాబ్‌లుగా ఉండనివ్వండి. తెర రిజల్యూషన్ 1366×768 అయితే మూడు దగ్గరే ఆగండి. ఎత్తు 768 పిక్సెళ్లే కాబట్టి పైన ఒకటి, కింద ఒకటి పెడితే టూల్‌బార్లు పోను ఒక్కోదానిలో కొన్ని వరుసలే మిగులుతాయి. అలాంటి తెర మీద నిలువు చీలికలే మంచివి.

లింక్ సెట్: అసలు పని జరిగేది ఇక్కడే

ప్యానెళ్లను ఎంత అందంగా పేర్చినా, బైబిల్‌లో వచనం మారినప్పుడు వ్యాఖ్యానం కూడా దానితో కదలకపోతే ఆ అమరికకు అర్థం లేదు. దీని కోసం లోగోస్‌లో ఎ నుంచి ఎఫ్ వరకు ఆరు లింక్ సెట్లు ఉన్నాయి. ప్యానెల్ మెనూ తెరిచి ఒక అక్షరం ఎంచుకుంటే, అదే అక్షరం ఉన్న ప్యానెళ్లన్నీ కలిసి నడుస్తాయి. ఏ ఒక్కదానిలో వచనం మార్చినా మిగతావి అక్కడికే వస్తాయి.

ఫిలిప్పీయులకు 2:5–11 మీద ప్రసంగం సిద్ధపడుతున్నారనుకోండి. ఇలా మొదలుపెట్టండి.

1. తెర మీద ఉన్నవన్నీ మూసేయండి. పాత అమరిక మీద కొత్తది కడితే పాత లింకులు తెలియకుండా మిగిలిపోతాయి.
2. రోజూ చదివే బైబిల్ తెరిచి, తెర ఎడమ సగంలో పెట్టండి. దానికి లింక్ సెట్ ఎ ఇవ్వండి. ఇదే ప్రధాన బైబిల్.
3. గ్రీకు చదవగలిగేవాళ్లు ఎస్‌బీఎల్ (సొసైటీ ఆఫ్ బిబ్లికల్ లిటరేచర్) గ్రీకు కొత్త నిబంధన తెరిచి కుడివైపు పై భాగంలో పెట్టండి. 2010లో వచ్చిన ఈ పాఠం లోగోస్‌లో ఉచితం. దీనికీ ఎ ఇవ్వండి.
4. ఒక వ్యాఖ్యానాన్ని కుడివైపు కింది భాగంలో పెట్టి ఎ ఇవ్వండి.
5. ఇంకో రెండు వ్యాఖ్యానాలు ఉంటే అదే చోట వెనక ట్యాబ్‌లుగా చేర్చి వాటికీ ఎ ఇవ్వండి.
6. గ్రీకు నిఘంటువును ఆ ట్యాబ్‌ల పక్కనే చేర్చండి. దీనికి లింక్ సెట్ ఇవ్వకండి.

ఆరో మెట్టు దగ్గరే ఎక్కువమంది తడబడతారు. లింక్ సెట్ ప్యానెళ్లను కలిపి నడిపేది వచనం సంఖ్యను బట్టి. నిఘంటువులో వచనాలు ఉండవు, మాటలు ఉంటాయి. అందుకే దానికి ఎ ఇచ్చినా 2:7కు వెళ్లినప్పుడు అది కదలదు. నిఘంటువుకు వేరే ఏర్పాటు ఉంది. దాని ప్యానెల్ మెనూలో, లింకులన్నీ ఇక్కడికే పంపు అనే అర్థమిచ్చే ఎంపికకు టిక్ పెట్టండి. ఇక గ్రీకు పాఠంలో 2:7లోని ‘ఎకెనోసెన్’ (రిక్తునిగా చేసుకున్నాడు) అనే మాట మీద రెండుసార్లు క్లిక్ చేస్తే, ఆ పదం ఉన్న పేజీ కొత్త ట్యాబ్‌గా ఎక్కడో తెరుచుకోకుండా మీరు చెప్పిన చోటే తెరుచుకుంటుంది. ఏ నిఘంటువు తెరుచుకోవాలన్నది లైబ్రరీలో ప్రాధాన్య క్రమాన్ని బట్టి ఉంటుంది. లైబ్రరీలో ప్రాధాన్య జాబితా తెరిచి మీకు నచ్చిన నిఘంటువును పైకి లాగండి. జాబితాలో నాలుగైదు పుస్తకాలు చాలు. యాభై పెడితే ఏది ఎందుకు తెరుచుకుంటోందో అంతుపట్టదు.

లింక్ చేసినా కదలనట్టు కనిపించే సందర్భాలు ఇంకొన్ని ఉన్నాయి. వాటిలో చాలావరకు లోపాలు కావు. వ్యాఖ్యానాలు ఎక్కువగా భాగాల వారీగా రాసి ఉంటాయి. 2:5 నుంచి 2:11 దాకా ఒకే భాగమైతే, బైబిల్‌లో ఒక్కో వచనం దిగుతున్నా వ్యాఖ్యానం ఉన్నచోటే ఉంటుంది. ఒక్క పత్రికకే పరిమితమైన వ్యాఖ్యానం తెరిచి ఉంచి ఆదికాండానికి వెళితే అది కదలకపోవచ్చు, ఎందుకంటే దానిలో ఆదికాండం లేదు. అందుకే ఎప్పుడూ తెరిచి ఉండే చోటును మాథ్యూ హెన్రీలాగా బైబిల్ మొత్తానికి ఉన్న వ్యాఖ్యానానికి ఇవ్వండి. ఒక్క పుస్తకం మీద రాసినవాటిని పని ఉన్నప్పుడు తెచ్చుకుని, అయ్యాక తీసేయండి.

ఎ సెట్‌ను చెడగొట్టే పని ఒకటుంది. క్రాస్ రిఫరెన్స్, అంటే ఈ భాగానికి సంబంధించిన వేరే వచనం, చూడటానికి ప్రధాన బైబిల్‌లోనే యెషయా 45:23కు వెళితే, వ్యాఖ్యానం, గ్రీకు పాఠం అన్నీ ఫిలిప్పీ వదిలి దాని వెంట కదలబోతాయి. గ్రీకు కొత్త నిబంధనలో యెషయా లేదు కాబట్టి అది ఉన్నచోటే ఉండి, తెర మీద పొంతన పోతుంది. దీనికి మందు రెండో బైబిల్. అదే బైబిల్‌ను ఇంకో ట్యాబ్‌గా తెరిచి, లింక్ సెట్ లేకుండా వదిలేయండి, లేదా బి ఇవ్వండి. రిఫరెన్సులన్నీ దానిలోనే చూడండి. ఎ దారిలో వాక్యభాగం, బి దారిలో మిగతా లేఖనాలు. ఈ ఒక్క అలవాటు లేకనే చాలామంది లింక్ సెట్లు పనికిరావని వాటిని వదిలేస్తున్నారు.

వచన సంఖ్యలు కలవనప్పుడు

హెబ్రీ పాఠాన్ని, తెలుగు లేదా ఇంగ్లీషు బైబిల్‌ను పక్కపక్కన పెడితే కొన్నిచోట్ల సంఖ్యలు తేడాగా కనిపిస్తాయి. కీర్తనల శీర్షికను చాలాచోట్ల హెబ్రీ బైబిల్ వచనంగా లెక్కపెడుతుంది. 51వ కీర్తన శీర్షిక అక్కడ రెండు వచనాలు, అందువల్ల మన 51:1 అక్కడ 51:3 అవుతుంది. యోవేలు 2:28–32 హెబ్రీలో 3:1–5. మలాకీ 4వ అధ్యాయం హెబ్రీలో లేదు, ఆ ఆరు వచనాలు 3:19–24గా ఉంటాయి. పాత నిబంధనకు ప్రాచీన గ్రీకు అనువాదమైన సెప్టువజింతులో 23వ కీర్తన 22వది.

లోగోస్‌కు ఈ తేడాలు తెలుసు. సంఖ్య వేరుగా కనిపించినా లింక్ సెట్ సరైన వాక్యానికే తీసుకెళ్తుంది. సంఖ్య చూసి కంగారుపడి ఒకదాన్ని చేత్తో జరిపారంటే, దానితో ముడిపడినవన్నీ జరిగిపోతాయి. కొత్త నిబంధనలో ఇంకో రకం తేడా ఉంది. అపొస్తలుల కార్యములు 8:37 ఎస్‌బీఎల్ గ్రీకు మూలపాఠంలో లేదు. కాబట్టి ఆ వచనం దగ్గర గ్రీకు ప్యానెల్ పక్క వచనం చూపిస్తే అది లింకు తెగడం వల్ల కాదు.

అనువాదాలు పోల్చడానికి నాలుగు ప్యానెళ్లు అక్కర్లేదు

నాలుగు అనువాదాలు చదవాలని నాలుగు ప్యానెళ్లు పరిచేవాళ్లు ఉన్నారు. బైబిల్ ప్యానెల్‌లోనే అనేక గ్రంథాలను కలిపి చూపే సౌకర్యం ఉంది. అది ఆన్ చేసి రెండో అనువాదాన్ని చేర్చితే ఒకే ప్యానెల్‌లో రెండూ పక్కపక్కన వస్తాయి, కలిసే కదులుతాయి. చోటు ఆదా, లింక్ సెట్‌తో పనీ ఉండదు. అప్పుడప్పుడు మాత్రమే ఇంకో అనువాదం చూడాలంటే అదీ వద్దు. బైబిల్ ప్యానెల్ మీద ఒకసారి క్లిక్ చేసి కీబోర్డులో కుడి బాణం నొక్కండి. అదే వచనం దగ్గర తర్వాతి బైబిల్ వస్తుంది. ఎడమ బాణంతో వెనక్కి రావచ్చు.

టెక్స్ట్ కంపారిజన్ పరికరం వేరు. అది మాట మాటకూ తేడాలను రంగులో చూపుతుంది. ఒకే భాషలోని అనువాదాల మధ్య అది చాలా బాగుంటుంది. తెలుగును ఇంగ్లీషుతో దానిలో పెడితే అంతా తేడాగానే చూపుతుంది, ఉపయోగం ఉండదు.

తెలుగు పాఠానికి చోటు

తెలుగుకు వెడల్పు ఎక్కువ కావాలి. ‘యెరూషలేములోనుండి’ లాంటి పొడవాటి మాటలు ఇరుకు ప్యానెల్‌లో వరుస చివర పట్టక కిందికి దిగిపోతాయి, పై వరుస సగం ఖాళీగా మిగులుతుంది. ఒక వరుసలో ఐదారు మాటలు కూడా పట్టకపోతే ఆ ప్యానెల్ ఇరుకైనట్టే. తెలుగు బైబిల్‌కు తెర వెడల్పులో కనీసం మూడో వంతు ఇవ్వండి. ఇంగ్లీషు పాఠంతో సమానమైన సైజులో వత్తులు స్పష్టంగా కనబడవు. ప్యానెల్ మెనూలో అక్షరాల సైజు మార్చే స్లైడర్ ఉంది, తెలుగు ప్యానెల్‌కు మాత్రం అది కాస్త పెంచండి. ప్రోగ్రామ్ మొత్తాన్ని పెద్దది చేసే స్కేలింగ్ సెట్టింగ్ దీనికి వాడకండి. దానితో మెనూలు, బటన్లు కూడా ఉబ్బి ఉన్న చోటు తినేస్తాయి.

అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తే అది ఫాంట్ సమస్య. విండోస్ 8 నుంచి నిర్మలా యూఐ అనే ఫాంట్ సిస్టమ్‌తోపాటే వస్తుంది, తెలుగు చూపడానికి అది చాలు.

మీ లోగోస్ లైబ్రరీలో తెలుగు బైబిల్ లేకపోతే దాన్ని వేరే ప్రోగ్రామ్‌లో గాని బ్రౌజర్‌లో గాని తెరిచి, విండోస్ కీతో కుడి బాణం నొక్కి తెర కుడి సగానికి అతికించండి. లోగోస్‌ను ఎడమ బాణంతో ఎడమ సగానికి. ఈ రెండింటి మధ్య లింకు ఉండదు, వచనం చేత్తో మార్చుకోవాలి. ఇలా పనిచేసేటప్పుడు లోగోస్‌లో రెండే ప్యానెళ్లు ఉంచండి.

మూడు లేఅవుట్లు

చదువుకోవడానికి ఒకటి. తెరంతా ఒకే బైబిల్, పక్కన సన్నగా నోట్స్. వ్యాఖ్యానం వద్దు. వాక్యభాగాన్ని సొంతంగా రెండు మూడుసార్లు చదవకముందే వ్యాఖ్యానం ఎదురుగా ఉంటే చూపు దానిమీదికే పోతుంది.

అధ్యయనానికి ఒకటి. పైన ఫిలిప్పీ ఉదాహరణలో కట్టినదే ఇది. పాత నిబంధన కోసం దీని నకలు ఒకటి చేసి, గ్రీకు బదులు హెబ్రీ పాఠం, హెబ్రీ నిఘంటువు పెట్టి వేరే పేరుతో భద్రపరచండి. ఒక వాక్యభాగం మీద లైబ్రరీలో ఉన్నవాటిని వెతికి చూపే ప్యాసేజ్ గైడ్ వాడేవాళ్లు దాన్ని లింక్ సెట్‌లో చేర్చకండి. వచనం మారిన ప్రతిసారీ గైడ్ మళ్లీ మొదటినుంచి లైబ్రరీ అంతా వెతుకుతుంది, పాత కంప్యూటర్ ఆయాసపడిపోతుంది. గైడ్‌లో 2:5–11 అని చేత్తో ఇచ్చి ఒకసారి నడపండి.

ప్రసంగం రాయడానికి ఒకటి. ఎడమవైపు తెరలో అరవై శాతం, లోగోస్‌లో ప్రసంగం రాసే పరికరమైన సెర్మన్ బిల్డర్. కుడివైపు మిగిలిన దానిలో సంఘంలో చదివే బైబిల్, దాని వెనక ట్యాబ్‌గా మీ నోట్స్. రాసేటప్పుడు నిఘంటువులు మూసే ఉంచండి. తెలుగులో టైప్ చేసేవాళ్లు ఒకటి గుర్తుంచుకోండి. రిఫరెన్స్ పెట్టెలో వచనం ఇచ్చే ముందు విండోస్ కీ, స్పేస్‌బార్ కలిపి నొక్కి కీబోర్డును ఇంగ్లీషుకు మార్చి, పుస్తకం పేరు ఇంగ్లీషులో ఇవ్వండి. రాతకు వచ్చేటప్పుడు మళ్లీ అదే మీట.

భద్రపరచడం, మళ్లీ భద్రపరచడం

అమరిక పూర్తయ్యాక లేఅవుట్స్ మెనూ తెరిచి, పేరుతో భద్రపరిచే ఎంపిక నొక్కి పేరు ఇవ్వండి. ‘కొత్తది’, ‘టెస్ట్ 2’ లాంటి పేర్లు నెల తిరక్కుండానే అర్థం కాకుండా పోతాయి. ‘అధ్యయనం – కొత్త నిబంధన’ లాంటి పేరైతే చూడగానే తెలుస్తుంది. తర్వాత ఆ లేఅవుట్‌ను పైనున్న షార్ట్‌కట్ బార్ మీదికి లాగి వదలండి. ఇక ఒక్క క్లిక్‌తో తెరుచుకుంటుంది.

పేరుతో భద్రపరిచిన లేఅవుట్ ఆ క్షణంలో తీసిన ఫొటో లాంటిది. తర్వాత మీరు కొత్త వ్యాఖ్యానం చేర్చినా, ప్యానెల్ వెడల్పు మార్చినా అది దానిలో చేరదు. చేరాలంటే లేఅవుట్స్ మెనూలో, వాడుతున్న లేఅవుట్‌ను ఇప్పటి స్థితికి అప్‌డేట్ చేసే ఎంపిక నొక్కాలి. తాత్కాలికంగా పది ట్యాబ్‌లు తెరిచి ఉన్నప్పుడు మాత్రం దాన్ని నొక్కకండి, శుభ్రమైన అమరిక పోయి గజిబిజి భద్రమవుతుంది. ముందు లేఅవుట్‌ను మళ్లీ తెరిచి, కావలసిన మార్పు మాత్రమే చేసి, అప్పుడు అప్‌డేట్ చేయండి.

పొరపాటున అన్నీ మూసేసినా పోయేదేమీ లేదు. లోగోస్ తనంతట తాను మధ్యమధ్యలో అమరికను గుర్తుపెట్టుకుంటుంది. లేఅవుట్స్ మెనూలో తేదీ, సమయంతో ఆ జాబితా ఉంటుంది. మొన్నటి సాయంత్రం ఉన్న తెర కావాలంటే ఆ వరుస మీద క్లిక్ చేస్తే చాలు.

తెరవగానే ఏ లేఅవుట్ రావాలో ప్రోగ్రామ్ సెట్టింగుల్లో పెట్టుకోవచ్చు. చదువుకునే లేఅవుట్‌నే పెట్టమని మా సలహా. తేలిక కాబట్టి త్వరగా తెరుచుకుంటుంది, పైగా రోజు వాక్యంతో మొదలవుతుంది.

తెరుచుకోనప్పుడు, కనిపించనప్పుడు

లోగోస్ తెరుస్తుండగానే ఆగిపోతే చాలాసార్లు కారణం బరువైన లేఅవుట్, లేదా దానిలోని ఒక ప్యానెల్. కంట్రోల్ మీట నొక్కి పట్టుకుని లోగోస్ ప్రారంభించండి, మ్యాక్‌లో అయితే కమాండ్ మీట. సైన్ ఇన్ తెర వస్తుంది. దానిలో ఖాళీ లేఅవుట్‌తో తెరిచే ఎంపికకు టిక్ పెట్టి లోపలికి వెళ్లండి. తర్వాత ప్యానెళ్లు ఒక్కొక్కటే తెరిచి చూస్తే తేడా చేస్తున్నది ఏదో తేలుతుంది. ప్రోగ్రామ్ తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేసే ముందు ఇది తప్పక చేసి చూడండి. మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తే లైబ్రరీ అంతా తిరిగి డౌన్‌లోడ్ కావాల్సి రావచ్చు.

ఇంట్లో రెండో మానిటర్ మీద విడి కిటికీ పెట్టి భద్రపరిచిన లేఅవుట్‌ను బయట ల్యాప్‌టాప్ ఒక్కదాని మీద తెరిస్తే, ఆ కిటికీ ఒక్కోసారి కంటికి కనిపించదు. ఆల్ట్ ట్యాబ్‌తో దాన్ని ఎంచుకుని, విండోస్ కీ, ఎడమ బాణం కలిపి నొక్కితే ఉన్న తెర మీదికి వస్తుంది. రెండు చోట్ల పనిచేసేవాళ్లు ‘అధ్యయనం – రెండు తెరలు’, ‘అధ్యయనం – ల్యాప్‌టాప్’ అని వేర్వేరుగా పెట్టుకోవడమే నయం.

ఫోన్‌లో: యాండ్‌బైబిల్

ఆండ్రాయిడ్ ఫోన్‌లో ఉచితంగా దొరికే యాండ్‌బైబిల్‌లో లేఅవుట్‌కు సమానమైనది వర్క్‌స్పేస్. డౌన్‌లోడ్ జాబితాలో భాషను తెలుగుగా ఎంచుకుని బైబిల్ దించుకోండి, తర్వాత ఒక వ్యాఖ్యానం. కొత్త విండో చేరిస్తే ఫోన్ నిలువుగా ఉన్నప్పుడు పైనా కిందా, అడ్డంగా తిప్పితే పక్కపక్కన వస్తాయి. ఫోన్‌లో రెండు విండోలు దాటకూడదు. మూడోది ఉంటే దాన్ని మినిమైజ్ చేయండి, కింద బటన్‌గా ఉండిపోతుంది, కావలసినప్పుడు తాకితే లేస్తుంది.

విండో బటన్ మెనూలో సింక్ ఆన్ చేస్తే విండోలు కలిసి కదులుతాయి. వేరే సింక్ గ్రూపు ఇస్తే లోగోస్‌లో ఎ, బి లాగా రెండు దారులు పెట్టుకోవచ్చు. రిఫరెన్సులకు ఇక్కడ విడి లింక్స్ విండో ఉంది కాబట్టి ప్రధాన బైబిల్ చెదరదు. తెలుగు కోసం అక్షరాల సైజుతోపాటు వరుసల మధ్య ఎడం కూడా పెంచండి, పై వరుస వత్తులు కింది వరుస గుడులకు తగలకుండా ఉంటాయి. ఈ సెట్టింగ్ ఒక్క విండోకు గాని, మొత్తం వర్క్‌స్పేస్‌కు గాని ఇవ్వవచ్చు. తెలుగుతో ఇంగ్లీషు కలిపి చదివేవాళ్లు విండో వారీగానే ఇవ్వండి. ఫోన్ మార్చే ముందు బ్యాకప్ తీసి ఆ ఫైలును బయట దాచుకోండి, లేకపోతే బుక్‌మార్కులు, వర్క్‌స్పేస్‌లు పాత ఫోన్‌లోనే ఉండిపోవచ్చు.